చంపని నెలలు

తనకు ఎలుకలంటే ఎలర్జీ వచ్చిందని ధనరాజ్ చెప్పినప్పుడు గైడు కృపానిధి మాష్టారు నమ్మలేదు. నమ్మలేదని నోటితో అనలేదు, అంతే. ఎలుకలతో పనిచేసే పరిశోధకులకు అది వచ్చేదే. కళ్ళు ఎర్రబడతాయి, చేతులు దద్దుర్లెక్కుతాయి, రాత్రంతా దగ్గు. అయితే ధనరాజ్ చేతుల మీద దోమ కుట్టిన మచ్చ కూడా లేదు. మాష్టారు ఆ చేతుల వంక కాసేపు చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“ఎప్పట్నుంచి?”

“వారమవుతోంది సార్.”

“మరి పేపర్ సంగతి ఏం చేద్దామని? పత్రిక వాళ్ళడిగింది ఒక్క ప్రయోగం. అది మళ్ళీ చేసి చూపిస్తే అచ్చేస్తామన్నారు. గడువు కూడా పెట్టారు.”

“అరుణశ్రీ చేస్తుంది సార్. నేను పక్కన నిలబడి చెప్తాను.”

అరుణశ్రీ ఆ ఏడే ల్యాబులో చేరిన కొత్త స్కాలర్. తెలివైన పిల్లే, కాని ఇంట్లో చేప కూడా కోసి ఎరగదు. పక్కన నిలబడి చెబితే వచ్చే విద్యే అయితే పెళ్ళిళ్ళకు వంటవాళ్ళను పిలిచే పనే ఉండదు. ఆ సంగతి మాష్టారికీ తెలుసు, ధనరాజ్‌కీ తెలుసు. ఇద్దరూ తెలియనట్టే ఊరుకున్నారు.

హైవే పక్కన సరుగుడు తోటల నడుమ ఉన్న ఆ యూనివర్సిటీలో ధనరాజ్ చదివేది సెల్యులార్ అండ్ మాలిక్యులార్ న్యూరోబయాలజీ. రాజాం దగ్గర వాళ్ళ ఊళ్ళో ఆ పేరు ఎవరికీ నోరు తిరగదు. ‘సుభద్రమ్మ కొడుకు నరాల సదువు సదువుతన్నాడు’ అని తేల్చేశారు. ఆ మాట పుట్టిన దగ్గర్నుంచి ఊళ్ళో మోకాళ్ళ నొప్పులన్నీ ఆదివారం పూట వాళ్ళ అరుగెక్కి కూర్చునేవి. నేను డాక్టర్ని కాను మొర్రో అన్నా వినేవాళ్ళు కారు. ఇన్నేళ్ళు చదివి ఒక మందుబిళ్ళ పేరు చెప్పలేని చదువేం చదువని వెళ్ళేటప్పుడు ఒక రాయి వేసి మరీ పోయేవారు.

అతను చదువుతున్నది నిజానికి ఒక నడక గురించి. తల్లి కడుపులో బిడ్డ మెదడు తయారయ్యేటప్పుడు నాడీకణాలు ఉండాల్సిన చోటనే పుట్టవు. లోపలెక్కడో పుట్టి పైపొర దాకా నడిచి వెళతాయి. ముందుకు ఒక చెయ్యి చాపి దారి తడుముకుంటాయి, కాసేపు ఆగుతాయి, ఆ తర్వాత ఒళ్ళంతా ముందుకు లాక్కుంటాయి. చేరవలసిన చోటికి చేరినవి మెదడవుతాయి. దారి తప్పినవాటిలో చాలావరకు రాలిపోతాయి. వాటికి దారి ఎవరు చెబుతారన్నదే ధనరాజ్ థీసిస్. పెళ్ళయిన కొత్తలో, మైక్రోస్కోపు కింద తీసిన వీడియో ఒకటి ఫోన్‌లో ఈశ్వరికి చూపించాడు. ఈశ్వరిది పొందూరు. దూరపు వరసకు మరదలు. రాజాంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది.

“మా ఏడో తరగతి గుంటలకంటే నయం బావా,” అంది నవ్వుతూ. “ఎవులూ సెప్పకుండానే ఎవుల సోటుకి ఆలు ఎల్తన్నారు.”

అవి ఎక్కడివి అని కూడా అడిగింది. ఎలుకలవి అన్నాడు. ఎలుకల నుంచి ఎలా వస్తాయో ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. వేలికి సూది గుచ్చి రక్తం తీసినట్టు తీస్తారనుకుంది కాబోలు.

అవి అలా రావు. కడుపుతో ఉన్న ఎలుకను గ్యాస్ పెట్టెలో పెట్టి, అది ఊపిరి వదిలాక పొట్ట కోసి, పుట్టని పిల్లలను బయటికి తీయాలి. కందిగింజంత బుర్రలు. వాటిని పలచగా ముక్కలు కోసి, గాజుగిన్నెలో వెచ్చగా ఉంచి బతికించాలి. ల్యాబులో ఎవరూ దీన్ని చంపడం అనరు, శాక్రిఫైస్ అంటారు. మాట పెద్దదైతే పని చిన్నదవుతుందని కాబోలు. ఆ పనిలో ధనరాజ్‌ది ఎంత మంచి చెయ్యంటే, పక్క డిపార్ట్‌మెంట్ల వాళ్ళు కూడా వచ్చి చూసి నేర్చుకునేవారు. ఇన్నేళ్ళలో ఆ చెయ్యి ఒక్కసారి వణికింది లేదు.

ఈశ్వరికి నెల తప్పినప్పుడు అతను పేపరు రాసే పనిలో మునిగి ఉన్నాడు. ఎలుకను ముట్టుకునే అవసరం అప్పటికి పడలేదు. మూడో నెలలో ఒక ఉదయం గడ్డిమేటు దగ్గర పాము కనబడింది. ధనరాజ్ కర్ర అందుకున్నాడు. తల్లి సుభద్రమ్మ వచ్చి ఆ కర్ర లాక్కుంది.

“ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉన్నాది. దాని మొగుడు ప్రాణం తియ్యకూడదురా. ఆ ఉసురు కడుపులోదానికి తగుల్తాది.”

“ఏటమ్మా, పాముకి మనింటి లెక్కలు తెలుస్తాయేటి?”

“పాముకి తెలకపోతే పైనోడికి తెలుస్తాది. పక్కింటోలు సంపుతారు గాని నువ్వు పక్కకి తప్పుకో.”

పక్కింటివాళ్ళు వచ్చి చంపారు. ధనరాజ్ నవ్వుకుంటూ బస్సెక్కాడు. బస్సులో ఆ మాట మరిచిపోయాడు కూడా. పత్రిక వాళ్ళు ప్రయోగం మళ్ళీ చేయమని రాసింది ఆ తర్వాతే. ఆ పని మొదలుపెట్టడానికి ముందురోజు ఈశ్వరిని శ్రీకాకుళం తీసుకెళ్ళి స్కానింగ్ చేయించాడు. డాక్టరమ్మ మిషన్ చప్పుడు పెంచి వినిపించింది. బిడ్డ గుండె పరుగెత్తుతున్నట్టు కొట్టుకుంటోంది. ఈశ్వరి అతని చిటికెనవేలు పట్టుకుని ఆ చప్పుడు ఆగేదాకా వదలలేదు.

మర్నాడు ల్యాబులో ధనరాజ్ కడుపుతో ఉన్న ఎలుకను పంజరంలోంచి తీశాడు. ఎప్పటిలాగే బొటనవేలితో పొట్ట తడిమాడు. లోపల పిల్లలు వరసగా పూసల్లా తగిలాయి. అరచేతిలో ఎలుక గుండె దడదడ కొట్టుకుంటోంది. పెట్టె మూత తెరిచే ఉంది. అతను అలాగే నిలబడిపోయాడు. తర్వాత ఎలుకను పంజరంలో పెట్టేసి, చేతులు కడుక్కుని, మాష్టారి గదికి వెళ్ళాడు.

తల్లి అన్న మాట నమ్మాడా అంటే నమ్మలేదు. నమ్మినవాడైతే ఏ అమ్మవారికో మొక్కుకుని గుండె నిబ్బరం చేసుకునేవాడు. నమ్మనివాడికి భయం వేస్తే దానికి మందూ లేదు, మొక్కూ లేదు. పెళ్ళాం కడుపుతో ఉంది కాబట్టి ప్రాణం తియ్యనని న్యూరోబయాలజీ ల్యాబులో ఎవరితో చెబుతాడు? ఇంట్లో చెబుదామంటే, ఇన్నేళ్ళుగా చేసిన పనేమిటో ముందు చెప్పాలి. అక్కడ ఎలర్జీ అన్నాడు, ఇక్కడ అసలేమీ అనలేదు. మింగలేక కక్కలేక ఆ నెలలు నెట్టుకొచ్చాడు. ఆ నెలల్లో ఒక్క ప్రాణం తియ్యలేదు. బస్సులో చేతి మీద వాలిన దోమను కూడా ఊది పంపేవాడు. తనను చూసి తనే సిగ్గుపడేవాడు.

అరుణశ్రీ ఏడుస్తూ నేర్చుకుంది. మొదట ముక్కలు నలిగిపోయాయి. తర్వాత గిన్నెలో బూజు పట్టింది. చివరికి కణాలు బతికాయి గాని నడవలేదు. గడువు దాటిపోయింది. పేపరు వెనక్కి వచ్చింది. ఆ వేసవిలోనే ఏదో దూరదేశపు ల్యాబు వాళ్ళు దాదాపు అదే సంగతి అచ్చువేయించుకున్నారు. కృపానిధి మాష్టారు ఆ కాగితాలు ధనరాజ్ ముందు పెట్టి, “ఎలర్జీకి మందులుంటాయి ధనరాజ్,” అన్నారు. నాలుగేళ్ళ చదువు కళ్ళముందే ఎవరిదో అయిపోయింది. ధనరాజ్ ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఈశ్వరి పొట్ట మీద చెయ్యి వేసి, ఇది ఉంది కదా, చాలు అనుకున్నాడు.

ఈశ్వరి బడి మానలేదు. స్కూటీ మీద రాజాం వెళ్ళి వచ్చేది. వానలకు రోడ్డు గోతులు పడింది. సుభద్రమ్మ వద్దని పోరేది. “పదో తరగతోలకి యూనిట్ టెస్టులొచ్చేస్తన్నాయి అత్తా, నెమ్మదిగా ఎల్తాను,” అనేది ఈశ్వరి. నెమ్మదిగానే వెళ్ళేది. గొయ్యి కనబడితే దిగి బండి నడిపించుకుంటూ పోయేది.

ఎనిమిదో నెల వచ్చిన కొన్నాళ్ళకు, ఒక ఉదయం లేచి కాఫీ తాగుతూ, “కదల్లేదు బావా,” అంది. వెంటనే శ్రీకాకుళం వెళ్ళారు. డాక్టరమ్మ ఈసారి మిషన్ చప్పుడు పెంచలేదు. తెర తన వైపు తిప్పుకుంది.

ఆడపిల్ల. ఏ లోపం లేదు. పేగు మెడకు చుట్టుకోలేదు, తల్లికి బీపీ లేదు, షుగర్ లేదు. అన్ని పరీక్షలూ చేసి, “కొన్నింటికి కారణం దొరకదు. బండికీ దీనికీ సంబంధం లేదమ్మా, మనసులో పెట్టుకోకు,” అంది డాక్టరమ్మ. ఈశ్వరి కళ్ళు మూసుకునే వింది.

పసిగుడ్డుకు పాడె ఉండదు. తండ్రే చేతుల్లో మోసుకెళ్ళాలి. ధనరాజ్ తువ్వాల్లో చుట్టి ఎత్తుకుని పొలం గట్ల వెంట వెళ్ళాడు. నెత్తి మీద నల్లటి మెత్తటి జుట్టు. ఆ తల లోపల ఏమేం జరిగి ఉంటుందో ఊళ్ళో అతనికొక్కడికే తెలుసు. కోట్ల కణాలు దారి తడుముకుంటూ నడిచి, దాదాపు అన్నీ తమ చోటికి చేరిపోయి ఉంటాయి. ఇంత చేసి చేరాయి. ఆ ఎరుక అతన్ని కోసేసింది. చదువు లేనివాడైతే ఈ బాధ సగమే ఉండేదనిపించింది. గొయ్యి తవ్వినవాళ్ళు చేతులు చాపితే ఇవ్వడానికి అతనికి చాలాసేపు పట్టింది.

తర్వాత పలకరింపులు మొదలయ్యాయి. ఊళ్ళో ఆడవాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి అరుగు మీద కూర్చునేవారు. సుభద్రమ్మ చెడ్డ మనిషి కాదు. మనవరాలి కోసం ఆమె ఏడ్చిన ఏడుపు ఎవరూ ఏడవలేదు. కాని ఏడుపుకు ఒక ఆసరా కావాలి. ఎవరు వచ్చినా అదే మాట.

“సెప్తే విన్నాదా? ఆ గోతుల్లో బండి మీద ఎల్లకే అని మొత్తుకున్నాను. సదువుకున్నోలకి మన మాటెక్కడ సెవికెక్కుతాది.”

వచ్చినవాళ్ళు లోపలి గుమ్మం వైపు చూసేవారు. గుమ్మం లోపల ఈశ్వరి గోడకు జారబడి కూర్చుని ఉండేది. ఆ మాట ఆమెకు కొత్తది కాదు. బయట అత్త ఒకసారి అంటే లోపల తను వందసార్లు అనుకుంటోంది. అన్నం ముద్ద గొంతు దిగేది కాదు. పాల గ్లాసు చేతికిస్తే ఆ బరువుకే చెయ్యి వాలిపోయేది. స్కూటీ కనబడకుండా దూడల పాక వెనక పెట్టించింది.

“నానే సంపీసినాను బావా,” అంది ఒకరోజు, ఏడవకుండానే.

“కాదు ఈశ్వరీ. డాక్టరు సెప్పింది కదా. గోతులకీ దీనికీ సంబంధం నేదు. కొన్నిటికి కారణం ఉండదు.”

“కారణం నేకుండా ఏదీ జరగదని నువ్వే కదా సెప్పీవోడివి. ఒక కణం దారి తప్పితే ఎందుకు తప్పిందో ఏళ్ళ తరబడి ఎతుకుతన్నావు. మన ఆడగుంటకాడికొచ్చేసరికి కారణం నేదంటావేటి?”

సైన్సులో ‘తెలియదు’ అన్నది గౌరవమైన మాట. దాని మీదే మళ్ళీ పని మొదలవుతుంది. బిడ్డను పోగొట్టుకున్న మనిషికి ఆ మాట ఎందుకు పనికొస్తుంది? పేపర్లు తిరగేశాడు, లెక్కలు చూపించాడు. ఆమె లెక్కల టీచరు. “ఈ లెక్కలో నా పేరు ఎక్కడున్నాది?” అంది.

ఒక మధ్యాహ్నం అతను పెరట్లోంచి వస్తూ ఆగిపోయాడు. ఈశ్వరి గోడ వైపు తిరిగి కూర్చుని, పిడికిలితో తన పొట్ట మీద కొట్టుకుంటోంది. కోపంతో కొట్టుకుంటున్నట్టు లేదు. దంపుడు పని చేసేవాళ్ళలా ఒకే వరసన, నిదానంగా కొట్టుకుంటోంది. అతను వెళ్ళి చెయ్యి పట్టుకుంటే ఆపింది. వదిలాక మళ్ళీ మొదలుపెట్టింది. ఆ రోజు ధనరాజ్‌కు నిజంగా భయం వేసింది. బిడ్డ పోయింది, ఇక ఈమె కూడా పోతుంది, తన దగ్గరున్న నిజం ఒక్కటీ ఈమెను ఆపలేదు.

మర్నాడు పక్క వీధి ఆవిడ పలకరింపుకు వచ్చింది. సుభద్రమ్మ మళ్ళీ ఎత్తుకుంది. “సెప్తే విన్నాదా...”

“అమ్మా, ఊరుకో,” అన్నాడు ధనరాజ్. “దాని తప్పు కాదు. నాది.”

సుభద్రమ్మ ఆగి చూసింది.

“నువ్వు పామును సంపొద్దన్నావు. పామును సంపనేదు. కాని లాబులో నా పని అదే. కడుపుతో ఉన్న ఎలకల్ని సంపి, కడుపు కోసి, పిల్లల్ని తీస్తాను. ఈ నెలలన్నీ అదే సేశాను.”

అడిగితే ఇంకా చెప్పాడు. అడగకపోయినా చెప్పాడు. గ్యాస్ పెట్టె గురించి, బొటనవేలితో తడమడం గురించి, కందిగింజంత బుర్రల గురించి చెప్పాడు. ఒక్కో తల్లి కడుపులో పది, పన్నెండు ఉంటాయని చెప్పాడు. చెప్పినదంతా నిజమే. ఎవరు విన్నా నమ్మక తప్పని నిజం. అబద్ధమల్లా తేదీల్లోనే ఉంది. ఏ పని మానుకుని తన చదువును చేజార్చుకున్నాడో, ఆ పని చేశానని తల్లి ముందు, పెళ్ళాం ముందు, పక్క వీధి ఆవిడ ముందు ఒప్పుకున్నాడు. సాయంత్రానికల్లా ఊరందరికీ ఒప్పుకున్నట్టే.

“ఓలమ్మ,” అంది పక్క వీధి ఆవిడ మెల్లగా, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని. వెంటనే లేచి వెళ్ళిపోయింది.

కోడలి మీద రాయి విసరడం తేలిక, కన్నకొడుకు మీద విసరాలంటే చెయ్యి రాదు. సుభద్రమ్మ అరుగు దిగి గడ్డిమేటు చాటుకు పోయి కూర్చుంది. ఆ తర్వాత ఎవరు వచ్చినా బండి మాట ఎత్తలేదు, ఏ మాటా ఎత్తలేదు.

ఈశ్వరి గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు.

“నిజమేనా?”

“నిజమే.”

“కడుపుతో ఉన్న వాటినే?”

“వాటినే.”

“ఆ తల్లికి తెలుస్తాదా బావా?”

“తెలీదు. నిద్దరోతాది, అంతే.”

“నాకూ తెలీనేదు,” అంది ఈశ్వరి. “ఆ రాత్రి నానూ నిద్దరోతన్నాను.”

లోపలికి వెళ్ళి ముఖం కడుక్కుంది. ఇన్నాళ్ళకు తనే వంటింట్లోకి పోయి కంచంలో అన్నం పెట్టుకుని, చారు పోసుకుని, కూర్చుని తింది. మొత్తం తింది. ధనరాజ్ నడవలో నిలబడి ఆ ముద్దలు దిగడం చూశాడు. అతనికి కావలసింది అదే. గుండె మీది బండ దిగినట్టూ అనిపించింది, అదే బండ మరోచోట పెట్టినట్టూ అనిపించింది.

ఆ రోజు నుంచి ఆమె కోలుకుంది. తల దువ్వుకుంది, బడికి ఫోన్ చేసి పిల్లల పాఠాలు ఎంతవరకు వచ్చాయో కనుక్కుంది. పొట్ట మీద చెయ్యి వేసుకోవడం మానేసింది. ధనరాజ్‌ను తిట్టలేదు, నిలదీయలేదు. అతను గదిలోకి వస్తే ఆమె చూపు ముందు అతని చేతుల మీద వాలేది. అన్నం వడ్డించేటప్పుడు కంచం నేల మీద పెట్టి జరిపేది, చేతికిచ్చేది కాదు. రాత్రి చాప అత్త పక్కన వేసుకునేది. నిజం చెప్పేస్తే అని అతను రోజుకు ఎన్నిసార్లు అనుకున్నాడో. మాష్టారు సాక్ష్యం చెబుతారు, అరుణశ్రీ చెబుతుంది. చెప్పిన మరుక్షణం ఆ పిడికిలి మళ్ళీ పొట్ట మీదికి పోతుంది. అది తలుచుకుని ఊరుకున్నాడు.

మామగారు జోగయ్య పొందూరు నుంచి ఆటో తీసుకుని వచ్చాడు. కూతురు ఫోన్ చేసి రమ్మందట. కొన్నాళ్ళు ఉండి వస్తుందిలే అని పెద్దాయన అన్నాడు గాని, ఆ మాటలో ఆయనకే నమ్మకం లేదు. అల్లుడి వైపు చూడకుండా ఆటో దగ్గరే నిలబడ్డాడు. సుభద్రమ్మ కోడలి తల నిమిరి లోపలికి పోయింది.

ఈశ్వరి బట్టల సంచి గుమ్మం దగ్గర పెట్టి చెప్పులేసుకుంది.

“ఒక్కటడుగుతాను,” అంది. “అత్త సెప్పింది కదా. తెలిసీ ఎందుకు సేశావు?”

నాలుక చివరిదాకా వచ్చింది. చెయ్యలేదే అన్న ఒక్క మాట. దానికి ఎంతోసేపు పట్టదు.

“పని ఈశ్వరీ,” అన్నాడు. “పని ఆపలేకపోయాను.”

ఆమె తలూపింది. తనకూ బడి అలాంటిదే కాబట్టి అర్థమైనట్టే ఊపింది. అర్థమయినా క్షమించలేనివి కొన్ని ఉంటాయని ఆ ముఖంలో తెలుస్తూనే ఉంది. ధనరాజ్ వంగి సంచి అందుకోబోయాడు.

“నువ్వు ముట్టకు బావా,” అంది ఈశ్వరి. గొంతులో కోపం లేదు.

మొన్నటిదాకా పాల గ్లాసు ఎత్తలేకపోయిన మనిషి. ఆ బరువు సంచి ఒంటిచేత్తో ఎత్తుకుని, తడబడకుండా వాకిలి దాటి, ఆటోలో తండ్రి పక్కన పెట్టుకుని కూర్చుంది. ధనరాజ్ ఆమె నడకే చూస్తూ నిలబడ్డాడు. గట్టిగా, మామూలు మనిషిలా నడిచింది. ఆటో మలుపు తిరిగేదాకా ఆమె వెనక్కి చూడలేదు.